అమ్మానాన్నలతో పెరూ: మాచు పిచ్చు, కుస్కో ప్లాన్ కాస్త చూసిపెట్టండి

బాపట్ల బుల్లోడు

అందరికీ నమస్కారం. మాది బాపట్ల దగ్గర పల్లె, ఉద్యోగం డల్లాస్‌లో. ఏప్రిల్లో అమ్మా నాన్నా వస్తున్నారు. నయాగరా, వాషింగ్టన్ పోయినసారే చూపించేశాను. ఈసారి ఎక్కడికెళ్దాం అని ఫోన్లో అడిగితే నాన్న ఠక్కున "మాచు పిచ్చు" అన్నారు, పెరూ కొండల్లో ఇంకాలనే పాత రాజవంశం కట్టించిన ఊరు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు లెండి, పాఠాలు ఇంకా వదల్లేదు.

నాన్నకి 67. బీపీ మాత్ర వేసుకుంటారు, రోజూ పొద్దున్నే నడుస్తారు. అమ్మకి 61. మోకాళ్ళ నొప్పులు, ముఖ్యంగా మెట్లు దిగేటప్పుడు. పైగా గుడ్డు కూడా ముట్టదు.

జూన్ మొదటి వారానికి ఒక ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన ప్లాను ఇదీ: మొదటిరోజు లీమా. రెండోరోజు పొద్దున ఫ్లైట్లో కుస్కో, మధ్యాహ్నం సిటీ టూర్. మూడోరోజు రెయిన్‌బో మౌంటెన్. నాలుగోరోజు తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి మాచు పిచ్చు, రాత్రికి మళ్ళీ కుస్కో. ఐదోరోజు బస్సులో పూనో, టిటికాకా సరస్సు. ఆరోరోజు వెనక్కి.

రేటు బాగానే ఉంది. కానీ పెద్దవాళ్ళతో ఇది అయ్యే పనేనా? అక్కడ ఎత్తు వల్ల ఊపిరి ఆడదంటారు, నిజంగా అంత ఇబ్బందా? అమ్మ తినడానికి ఏమైనా దొరుకుతుందా? నాది హెచ్1బీ ఉద్యోగ వీసా, వాళ్ళవి బీ1/బీ2 విజిటర్ వీసాలు, మూడూ ఇంకా నాలుగైదేళ్ళున్నాయి. పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కాకినాడ టు కాలిఫోర్నియా

వీసా ముక్క నేను చెప్తాను, మిగతావి అనుభవజ్ఞులు చెప్తారు.

మన పాస్‌పోర్టు మీద కనీసం ఆరు నెలల గడువున్న అమెరికా వీసా ఉంటే పెరూకి టూరిస్టుగా వెళ్ళడానికి వేరే వీసా అక్కర్లేదు. 2017 నుంచి ఇదే పద్ధతి. కెనడా, యూకే, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాలున్నా అంతే. అయితే పాస్‌పోర్టులో స్టాంపింగ్ ఉండాలి. మన హెచ్1బీ బ్యాచ్‌లో చాలామంది స్టాంపు గడువు అయిపోయి 797 కాగితం (గడువు పొడిగించినట్టు ఇచ్చే ఆమోదపత్రం) మీద నడిపిస్తుంటారు చూడండి, ఆ కాగితం అక్కడ చెల్లదు. మీకు ఆ గొడవ లేదు.

అమ్మానాన్నలు తిరిగి అమెరికాలో దిగినప్పుడు మళ్ళీ కొత్త ఐ-94 ఇస్తారు, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో రాసిన రికార్డు. ఎన్నాళ్ళుంటారు, ఇండియాకి ఎప్పుడు వెళ్తారు అని అడగొచ్చు. రిటర్న్ టికెట్ ప్రింటు తీసి నాన్నగారి చేతికివ్వండి.

ఎవరూ చెప్పని విషయం ఇంకోటుంది. ఇండియా దృష్టిలో పెరూ ఎల్లో ఫీవర్ ఉన్న దేశం. అక్కణ్ణుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ చూపించాలి, లేకపోతే క్వారంటైన్లో పెడతారు. అరవై దాటినవాళ్ళకి ఆ టీకా ఆలోచించి గానీ వెయ్యరు. కాబట్టి పెరూ ట్రిప్పు చివర్లో పెట్టుకోకండి. వచ్చాక కనీసం వారం పదిరోజులు మీ ఇంట్లో ఉండి ఊరెళ్ళేలా చూసుకోండి.

కాలవగట్టు

బాబూ, మీ నాన్నగారి ఈడువాణ్ణే కాబట్టి నేను చెప్పొచ్చు. నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను, సర్వీసులో సగం సాగర్ కుడికాలవ మీదే గడిచింది. మా అమ్మాయీ అల్లుడూ హ్యూస్టన్‌లో ఉంటారు, వాళ్ళే తీసుకెళ్ళారు. మా ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే.

ఆ ఏజెంటు రాసిన ఊళ్ళలో తప్పులేదు, వరసే తిరగబడింది. పెరూలో కిలోమీటర్లు చూసి ప్లాన్ వెయ్యకూడదు, మీటర్లు చూసి వెయ్యాలి. లీమా సముద్రం ఒడ్డు. కుస్కో 3,400 మీటర్లు. రెయిన్‌బో మౌంటెన్ 5,000 పైన. మాచు పిచ్చు 2,430. పూనో 3,800. మన రాష్ట్రంలో ఎంత పెద్ద కొండయినా 1,700 దాటదు, ఆ లెక్కన చూసుకో. సముద్రమట్టం నుంచి గంటన్నర ఫ్లైట్లో కుస్కోలో దించి, ఆ మధ్యాహ్నమే ఊరంతా తిప్పి, మర్నాడు ఐదువేల మీటర్లెక్కిస్తానంటున్నాడు. పాతికేళ్ళ కుర్రాళ్ళే అక్కడ తలపట్టుకుని కూర్చుంటారు. ముందు ఆ రెయిన్‌బో కొట్టెయ్యి.

చెయ్యాల్సింది ఇది. కుస్కోలో విమానం దిగగానే ఊళ్ళోకి పోకుండా, కారు మాట్లాడుకుని నేరుగా కిందికి దిగిపోవాలి. ఉరుబాంబా నది లోయ, సేక్రెడ్ వ్యాలీ అంటారు. ఉరుబాంబా ఊరుగానీ ఓయంతైతాంబోగానీ 2,800 మీటర్లలో ఉంటాయి. అక్కడ దిగి ఒకరోజు ఏమీ చెయ్యకుండా ఉండాలి. అక్కణ్ణుంచే రైల్లో మాచు పిచ్చుకి పోవాలి, అది ఇంకా కిందికి. చివర్లో, ఒళ్ళు అలవాటు పడ్డాక, కుస్కో ఎక్కాలి. అవే ఊళ్ళు, అవే డబ్బులు. వరస మారిస్తే మనిషి నిలబడతాడు.

ఓయంతైతాంబోలో అందరూ కొండమీది కోటకి ఎగబడతారు. నిలువుగా మెట్లు, మీ అమ్మగారికి వద్దు. నాన్నగారు ఎక్కితే పైన ఆరు పెద్ద గులాబిరంగు బండలు వరసగా నిలబెట్టి ఉంటాయి. నది అవతలి కొండమీద గనిలో చెక్కి, లోయలోకి దించి, నది దాటించి, మళ్ళీ ఇటు ఎక్కించారు. పని మధ్యలో ఆగిపోయి దారిలోనే వదిలేసిన బండలు ఇప్పటికీ అక్కడక్కడా పడున్నాయి. అమ్మగార్ని కింద ఊళ్ళో కూర్చోబెట్టు. ఆ ఊరి వీధులు ఇంకాలు వేసిన వీధులే, జనం ఇంకా వాటిల్లోనే కాపురం ఉంటున్నారు. ప్రతి సందులోనూ పక్కన రాతి కాలవ, అందులో నీళ్ళు. నేనక్కడ ఒక మలుపు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. సందు వంపు తిరిగినచోట కాలవ అడుగు రాయిని కొద్దిగా పల్లంగా చెక్కారు, నీళ్ళు ఒడ్డు తన్నకుండా మెత్తగా తిరుగుతున్నాయి. ఇనుప పనిముట్లు లేని రోజుల్లో. మా అల్లుడు ఫోటో తీద్దాం రమ్మంటే, ఈయన కాలవ చూడ్డానికి ఇంతదూరం రావాలా అని మా ఆవిడ అనేసింది.

మాచు పిచ్చు కింద ఊరు అగ్వాస్ కాలియెంతెస్. రైలు అక్కడిదాకానే. రోడ్డు మార్గం లేదు, అందుకే రైలువాళ్ళు అడిగినంతా ఇచ్చుకోవాలి. ముందురోజు సాయంత్రం చేరి రాత్రి అక్కడ పడుకోండి. పొద్దున బస్సులో కొండమీదికి అరగంట. మూడింటికి లేపి ఒక్కరోజులో తిప్పి తేవడం ఎవరి సుఖం కోసమో ఆ ఏజెంటునే అడుగు. రైల్లో పెద్ద పెట్టెలు ఎక్కనివ్వరు, ఓయంతైతాంబో హోటల్లో పెట్టి చిన్న సంచీలతో వెళ్ళాలి.

టికెట్టు మాత్రం విమానం టికెట్టు కంటే ముందు కొను. రోజుకి ఇంతమందే అని లెక్కుంది, మామూలు రోజుల్లో 4,500. జూన్ అంటే మంచి సీజను, వానలుండవు, రద్దీ మటుకు ఎక్కువ. 2024 నుంచి మూడు సర్క్యూట్లు చేసి, వాటిలో మళ్ళీ పది దారులు పెట్టారు. మనం కొన్న దారిలోనే నడవాలి, వెనక్కి తిరగనివ్వరు. ఒకటోది పైనుంచి చూసేది, కేలండర్ ఫోటో వచ్చేది. రెండోది పైనా లోపలా రెండూ, మెట్లు ఎక్కువ. మూడోది కింది భాగం, పెద్దవాళ్ళకి తేలిక. నాన్నగారికీ నీకూ రెండు, అమ్మగారికి మూడు తీసుకుందామంటే ఆవిడ లోపల ఒంటరిగా అయిపోతారు. ముగ్గురూ మూడోదే తీసుకోండి, కేలండర్ ఫోటో పోతే పోనీ.

లోపల మరుగుదొడ్డి లేదు, గేటు బయటే. చేతికర్రకి అడుగున రబ్బరు బుడిపె ఉంటేనే రానిస్తారు.

ఇక నాన్నగారు సోషల్ మాస్టారు కాబట్టి చెప్తున్నా. అక్కడి గైడ్లు సూర్యుడు, గ్రహణం, శక్తి తరంగాలు అని చెప్పుకుపోతారు. విననివ్వండి, కానీ కాళ్ళకింద చూడమనండి. ఏడాదికి దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన పడే చోటు అది, మన కోస్తాకి ఇంచుమించు రెట్టింపు. కొండ వీపుమీద కట్టిన ఊరు. 15వ శతాబ్దంలో పచాకుతెక్ అనే రాజు కట్టించింది ఈరోజుకీ జారిపోకుండా ఉందంటే కారణం మురుగు కాలవలు. కెన్నెత్ రైట్ అని అమెరికన్ ఇంజనీరు ఏళ్ళ తరబడి దాన్ని కొలిచాడు. గోడల్లో నీరు బయటికి పోయే కంతలు నూట ఇరవై పైచిలుకు లెక్కతేల్చాడు. మెట్ల పొలాలు తవ్వి చూస్తే అడుగున పెద్దరాళ్ళు, ఆపైన కంకర, ఆపైన ఇసుక మట్టి, అన్నిటికంటే పైన సాగుమట్టి. అచ్చంగా ఫిల్టర్ బెడ్ డిజైను. ఊరికి నీళ్ళు కొండ పక్కనున్న ఊట నుంచి 749 మీటర్ల రాతి కాలవలో వస్తాయి. వచ్చినవి 16 ధారలుగా మెట్లమెట్లుగా దిగుతాయి, మొదటి ధార రాజుగారి ఇంటి పక్కన. ఎక్కడైనా కాలవ మొదట్లో ఉన్న హెడ్ రీచ్ వాడికే ముందు నీళ్ళు, చివరనున్న టెయిలెండ్ రైతు గోడు ఇంకాలకీ తప్పలేదు.

హైరం బింగమ్ అనే అమెరికన్ 1911లో "కనిపెట్టాడు" అని పుస్తకాల్లో రాస్తారు. ఆయన వెళ్ళేసరికి ఆ మెట్ల పొలాల్లో రైతు కుటుంబాలు పంటలు వేసుకుని ఉన్నాయి. ఆయన యేల్ యూనివర్సిటీకి పట్టుకెళ్ళిన సామాన్లు వందేళ్ళకి తిరిగొచ్చాయి, కుస్కోలో కాసా కోంచా మ్యూజియంలో పెట్టారు. నాన్నగార్ని తప్పక తీసుకెళ్ళు.

డాక్టరమ్మ విజయనగరం

పై పెద్దాయన చెప్పిన వరస సరైనదే. మందుల గురించి రెండు మాటలు.

బీపీ అదుపులో ఉంటే దానికోసం ప్రయాణం మానక్కర్లేదు. కానీ బయల్దేరేముందు ఈసీజీ తీయించి, వాళ్ళ డాక్టరుతో మాట్లాడండి. ఎసిటజోలమైడ్, డయామాక్స్ అంటాం, ఎత్తు ఎక్కడానికి ఒకరోజు ముందు మొదలుపెట్టే మాత్ర. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. నాన్నగారి బీపీ మాత్రలో నీరు పోయే మందు కలిసుందేమో కూడా చూపించండి. డయామాక్స్‌తో మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, లోపల మరుగుదొడ్డి లేని చోటికి వెళ్తున్నారు కాబట్టి మాచు పిచ్చు ఎక్కే రోజున వేసుకోవాలా వద్దా అన్నదీ అడగండి.

మొదటి రెండు రాత్రులు తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మామూలే. కూర్చున్నా ఆయాసం రావడం, మాట తడబడటం, నడకలో తూలడం మామూలు కాదు. తెల్లారనిచ్చి చూద్దాం అనుకోకుండా వెంటనే కిందికి దించెయ్యాలి.

హోటళ్ళలో దిగగానే కోకా ఆకుల టీ ఇస్తారు. అక్కడ చట్టప్రకారం తప్పులేదు, తాగితే నష్టమూ లేదు. మీ ఆఫీసులో డ్రగ్ టెస్టులుంటే మాత్రం మీరు ముట్టకండి, పరీక్షలో బయటపడుతుంది. ఆ టీ ప్యాకెట్లు అమెరికాకి అసలు తేకూడదు. మూన్యా అని పుదీనా వాసనొచ్చే ఆకు టీ కూడా పెడతారు, దాంతో ఏ పేచీ లేదు.

కరీంనగర్ కోడలు

మా అత్తమ్మని తీసుకపోయినం, ఆమె కూడా గుడ్డు ముట్టదు. పరేషాన్ కాకుండ్రి, ఆలుగడ్డలు పుట్టిన దేశం అది. నల్లయి, ఎర్రయి, ఊదారంగుయి, చేతివేళ్ళంత సన్నయి, ఎన్ని రకాలో. కుస్కోల సాన్ పెద్రో మార్కెట్ల ఒక్కొక్క అమ్మ ముందట కుప్పలు పోసుంటయ్.

రోడ్డు మీద మక్కకంకి ఉడకబెట్టి తెల్ల చీజ్ ముక్క పెట్టి ఇస్తరు. గింజ ఒక్కోటి బొటనవేలంత ఉంటది. మా అత్తమ్మ రెండు పూటలు గదే తిన్నది. పాపా వాంకాయినా అని ఆలుగడ్డల మీద పసుపుపచ్చ మిరపకాయ చీజ్ సాస్ పోసి ఇస్తరు, మస్తుంటది. కానీ మీద ఉడకబెట్టిన గుడ్డు పెడ్తరు, ముందే వద్దని చెప్పాలె. జాగ్రత్త సూపులతోని. కూరగాయల సూపు, కినోవా సూపు అంటరు, కాచేది కోడి ఉడికిచ్చిన నీళ్ళతోనే. ఫోన్ల స్పానిష్‌ల రాసిపెట్టుకుని చూపియ్యుండ్రి, నోటితోని చెప్తే సరే సరే అని తలూపుతరు.

పండ్లల్ల చిరిమోయా వెతుకుండ్రి, మన సీతాఫలం జాతిదే. గింజలు తక్కువ, గుజ్జు ఎక్కువ. పల్లీలు ఎక్కడైనా దొరుకుతయ్.

ఉప్మా ప్యాకెట్లు తీసుకపోయేటట్టుంటే ఒకటి యాదుంచుకోండ్రి. కుస్కోల నీళ్ళు 90 డిగ్రీలు కాకముందే మసులుతయ్. కెటిల్ నీళ్ళు పోసి మూతపెడ్తే ఇంట్ల అయినంత తొందరగా మెత్తబడది, ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టాలె.

బ్యాక్‌ప్యాక్ బద్రి

అందరూ కలిసి ట్రిప్పుని తీర్థయాత్ర చేసేశారు. పెద్దాయన చెప్పిన వరసలో టిటికాకా ఊసే లేదు, ఎందుకు తీసెయ్యాలండీ? తోతోరా అనే రెల్లుతో దీవులు కట్టుకుని నీళ్ళమీద బతికే ఊరోస్ జనం ప్రపంచంలో ఇంకెక్కడ కనిపిస్తారు? తకీలే దీవిలో మగవాళ్ళు నడుస్తూ కూడా టోపీలు అల్లుతుంటారు, 2005లో యునెస్కో గుర్తించింది ఆ నేతని. అంతదూరం వెళ్ళి ఇవి చూడకుండా రావడం అన్యాయం.

కాలవగట్టు

బద్రి బాబూ, చూడదగ్గవే, కాదనను. తకీలేలో పడవ దిగిన దగ్గర్నుంచి ఊళ్ళోకి వందల మెట్లు, అదీ నాలుగువేల మీటర్ల దగ్గర్లో. వాళ్ళమ్మగారి మోకాళ్ళు నీవి కావు. ఆరు రోజుల్లో పూనో ఇరికిస్తే రోజంతా బస్సులోనే పోతుంది. పది రోజులుంటే చూసుకోవచ్చు, ఊరోస్ వరకూ.

కోడలుగారు పల్లీలన్నారు కాబట్టి ఒక ముక్క. వేరుశనగ పుట్టింది ఆ ఖండంలోనే. పెరూ ఉత్తరాన సిపాన్‌లో 1987లో బయటపడిన మోచె అనే ప్రాచీన జాతి రాజు సమాధిలో పల్లీకాయల హారం దొరికింది, ఒకవైపు బంగారు కాయలు, ఇంకోవైపు వెండివి. అది లంబయేకె మ్యూజియంలో ఉంది, ఈ దారిలో కాదు.

బాపట్ల బుల్లోడు

అందరికీ చాలా థాంక్స్. నాన్నకి ఇదంతా ఫోన్లో చదివి వినిపించాను. కాలవగట్టు గారు రాసింది రెండుసార్లు చదివించుకున్నారు. అమ్మ మాత్రం మక్కకంకి దగ్గర ఆగిపోయింది.

మార్చిన ప్లాను: లీమాలో ఒక రాత్రి. కుస్కోలో దిగి నేరుగా ఉరుబాంబా, రెండు రాత్రులు. అందులో ఒకరోజు మోరాయ్ గుండ్రటి మెట్ల పొలాలు, మారాస్ ఉప్పుమళ్ళు కారులో. తర్వాత ఓయంతైతాంబో చూసుకుని సాయంత్రం రైలు, రాత్రి అగ్వాస్ కాలియెంతెస్, పొద్దున మాచు పిచ్చు మూడో సర్క్యూట్. చివర కుస్కోలో మూడు రాత్రులు. ఇంకో రోజు సెలవు పెట్టాను. టిటికాకా, రెయిన్‌బో లేవు. కుస్కోలో అంత టైము ఎక్కువేమో అనిపిస్తోంది, అక్కడేం చూడాలి?

కాలవగట్టు

ఎక్కువ కాదు, నాకైతే అదే అసలు ఊరు.

కొరికాంచా చూడండి. ఇంకాల సూర్యుడి గుడి, దాని గోడలమీదే స్పెయిన్ వాళ్ళు సాంతో దొమింగో చర్చి కట్టారు. 1650లో భూకంపం, 1950లో మళ్ళీ భూకంపం. పైన చర్చి దెబ్బతింది, కింద ఇంకాల గోడ నిలబడింది. 1950లో పైకట్టుబడి పడిపోయాకే, దాని వెనక దాగిన పాతగోడలు ఇంకొన్ని బయటపడ్డాయి. సున్నం లేదు, సిమెంటు లేదు. గోడ కొద్దిగా లోపలికి వాలి ఉంటుంది, తలుపులు కింద వెడల్పు పైన ఇరుకు. హాతున్‌రుమియోక్ వీధిలో పన్నెండు మూలల రాయి ఉంది, దాని ముందు ఫోటోలకి ఎప్పుడూ జనమే. అది దాటి అదే గోడ వెంబడి నడుస్తూ మిగతా రాళ్ళు చూడమను నాన్నగార్ని. ఒక్క రాయికీ ఇంకో రాయికీ పోలిక లేదు, సందులో గోరు దూరదు.

ఊరి పైన సక్సైవామాన్ కోట. కారులో పైదాకా పోవచ్చు. జూన్ 24న అక్కడ ఇంతి రైమి, సూర్యుడి పండగ జరుగుతుంది. మీరు మొదటి వారమంటున్నారు కాబట్టి ఆ తొక్కిసలాట తప్పుతుంది.

ఒక పూట మిగిలితే తిపోన్‌కి వెళ్ళండి, కుస్కో నుంచి కారులో గంటలోపే. టూర్ బస్సులు అటు పెద్దగా పోవు. కొండమీద రాతి మెట్ల పొలాలు, వాటి మధ్య ఊటనీళ్ళు ఒక ధార రెండై, రెండు నాలుగై దూకుతాయి. అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం దాన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది. కారు దగ్గరిదాకా వెళ్తుంది, అమ్మగారు మొదటి పొలం గట్టుమీద కూర్చున్నా నీళ్ళు కనిపిస్తాయి.

మోరాయ్, సక్సైవామాన్, ఓయంతైతాంబో, తిపోన్ అన్నీ ఒకే టూరిస్టు టికెట్టులో వస్తాయి. 130 సోలులు (అక్కడి డబ్బు), పది రోజులు చెల్లుతుంది. మొదట ఏది చూస్తే అక్కడే కొను, విడివిడిగా కొంటే నష్టం. మారాస్ ఉప్పుమళ్ళకి, కొరికాంచాకి మాత్రం టికెట్టు వేరే.

ఇంకోటి. ఆ రైలు దారిలో అప్పుడప్పుడు సమ్మెలవుతుంటాయి. 2023 జనవరిలో గొడవల వల్ల మాచు పిచ్చునే కొన్ని వారాలు మూసేశారు. అందుకని కుస్కో మూడు రాత్రులూ మాచు పిచ్చు తర్వాతే ఉంచు. రైలు ఒకరోజు ఆలస్యమైతే ఆ రోజు కుస్కో నుంచి పోతుందిగానీ అమెరికా ఫ్లైటు పోదు.

టికెట్ల మీద పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించు. గేటు దగ్గర ఒరిజినల్ పాస్‌పోర్టు అడుగుతారు. మన ఇంటిపేర్లు చూసి వాళ్ళు తికమకపడటం ఖాయం, మా ఆవిడ టికెట్టు మీద ఇంటిపేరు సగమే పడితే అక్కడ మా అమ్మాయి స్పానిష్‌లో చాలాసేపు బతిమాలాల్సి వచ్చింది.